ఖరీదైన రివాల్వరు – ఖరీదుకు తగిన వస్తువేనా?

2014 మొదట్లో కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం వారు ‘నిర్భీక్’ అనే చిన్న రివాల్వరును అమ్మకానికి పెట్టారు. టైటానియం మిశ్రలోహంతో చేసింది. బరువు అరకిలో. ధర అక్షరాలా 1,22,360 రూపాయలు. ఢిల్లీ నిర్భయ ఉదంతం జరిగి అప్పటికి ఏడాది దాటింది. ఆడవాళ్ళు ఆత్మరక్షణ కోసం హ్యాండుబ్యాగులో పెట్టుకు తిరగడానికి వీలుగా చేశామని చెప్పుకున్నారు. పత్రికల్లో రెండు రకాల విమర్శలు వచ్చాయి. రక్షణ కల్పించవలసిన ప్రభుత్వం తుపాకి అమ్మడమేమిటని కొందరు, అంత డబ్బు ఏ ఉద్యోగిని దగ్గరుందని మరికొందరు. రెండూ న్యాయమైన విమర్శలే. కాని ఆ లక్షా ఇరవై రెండు వేలకు ఆ వస్తువులో ఏముంది, ఎందుకంత ధర అని అడిగినవాళ్ళు మాత్రం తక్కువ.

ఈ వ్యాసంలో అడగదలచుకున్నది ఆ ప్రశ్నే. విద్యార్థి సంఘం సంచికకు రివాల్వరు ఏం విషయమయ్యా అని ఇద్దరు మిత్రులు ముందే ఆక్షేపించారు. మనలో రివాల్వరు కొనేవాడెవడూ లేడు, నిజమే. కాని మెకానికల్ వాళ్ళకు ఇది మనం పరీక్షల కోసం బట్టీ పట్టే ఫిట్స్ అండ్ టాలరెన్సెస్ పాఠం. కామర్సు వాళ్ళకు సరఫరా ఆగిపోతే ధర ఏమవుతుందో చూపించే పాఠం. తక్కినవాళ్ళకు కూడా పనికొచ్చే ముక్క ఒకటి చివర్లో ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది. నేను ఉండేది బోరబండలో. ఒకవైపు సనత్‌నగర్, మూసాపేట, బాలానగర్. లేతు మిషన్లు, మిల్లింగు మిషన్లు పొద్దస్తమానం తిరిగే వాడలు. రెండోవైపు ఎం.ఎం.టి.ఎస్. ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. భూముల ధరలు పెరిగాక, ప్లాట్లు అమ్మి కొని నాలుగు డబ్బులు కళ్ళజూసిన వాళ్ళలో కొందరికి రివాల్వరు లైసెన్సు మీద మోజు పుట్టింది. మా వీధిలోనే ఒక పెద్దాయన పోయిన వేసవిలో నన్ను ఆపి అడిగారు: “నువ్వు మెకానికల్ జదువుతున్నవు గదా, జర జెప్పు. పాత ఇంగ్లండు మాల్ ఒకటి జూపిస్తున్నరు. కాన్పూరు కొత్తదానికంటె నాలుగింతలు అడుగుతున్నడు. అంత పైసలు పెట్టొచ్చునా?” ఆయనకు అక్కడికక్కడ నేను సమాధానం చెప్పలేదు. చెప్పాలంటే ముందు రివాల్వరు లోపలికి పోయి చూడాలి.

లోపల ఏముంది?

సినిమాల్లో చూసినంత తేలికైన యంత్రం కాదు. (1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’లో కృష్ణగారు గుర్రం మీద దౌడు తీస్తూ పేలుస్తుంటే మన తండ్రుల తరం వాళ్ళు గుళ్ళు లెక్కపెట్టడం మరిచిపోయి ఈలలు వేశారట. ఆరు గుళ్ళ తుపాకి ఆరు సార్లే పేలుతుంది.) పిస్టల్‌లో తూటా కూర్చునే గది ఒక్కటే, అది బారెల్‌లో భాగమే. రివాల్వరులో ఆ గదులు అయిదో ఆరో ఉంటాయి. అవి సిలిండర్ అనే గుండ్రటి దిమ్మలో ఉంటాయి. ఆ దిమ్మ బారెల్ నుంచి విడిగా తిరుగుతుంది. ట్రిగ్గరు నొక్కితే ‘హ్యాండ్’ అనే చిన్న కొక్కెం సిలిండర్ వెనక ఉన్న పళ్ళను నెట్టి ఒక గది మేర తిప్పుతుంది. కింద నుంచి ఇంకో గడియ లేచి సిలిండర్‌ను బిగించి పట్టుకుంటుంది. ఆ క్షణంలోనే హామరు పడాలి. గడియ పడకముందే హామరు పడితే గది, బారెల్ ఒక వరసలో ఉండవు. తూటా బారెల్ అంచును గీరుకుని, సీసపు తునకలు పక్కలకు చిమ్ముతాయి. దీన్నే టైమింగ్ అంటారు. రివాల్వరు మంచి చెడ్డలు ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతాయి.

రెండోది సిలిండర్‌కు, బారెల్‌కు మధ్య సందు. సందు లేకపోతే సిలిండర్ తిరగదు. ఉంటే అందులోంచి మంట, వాయువు బయటికి పోతాయి. మామూలు రివాల్వర్లలో ఈ సందు ఆరు నుంచి ఎనిమిది తౌ ఉంటుంది. (బాలానగర్ భాషలో తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సుమారు 25 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం మూడు తౌ దాకా ఉంటుంది.) మేలురకం వాటిలో రెండు మూడు తౌకు తగ్గిస్తారు.

మూడోది, అన్ని గదులూ బారెల్‌తో ఒకే అక్షం మీద ఉండటం. ఆరు గదులను ముందే తొలిచి, తర్వాత తెచ్చి ఫ్రేములో కూర్చితే అన్నీ సరిగ్గా కుదరవు. ఒకటి అరతౌ ఇటు, ఒకటి తౌ అటు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని ఫ్రీడమ్ ఆర్మ్స్ అనే సంస్థ వారు తమ మోడల్ 83కు ఏం చేస్తారంటే, తొలచని సిలిండర్‌ను దాని ఫ్రేములోనే బిగించి, బారెల్ రావలసిన దారిలోంచే ఒక్కొక్క గదినీ తొలుస్తారు. లైన్ బోరింగ్ అని మనం ఇంజను బ్లాకుల విషయంలో చదువుకున్నదే. అప్పుడు ఆ సిలిండర్ ఆ ఒక్క తుపాకికే పనికొస్తుంది. ఖర్చు ఎందుకు పెరుగుతుందో ఈ ఒక్క పని చూస్తే చాలు.

ధర పెరిగిన కథ

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో పేటెంటు తీసుకున్నప్పుడు రివాల్వరు గొప్పతనం ధర ఎక్కువ కావడంలో లేదు. ఒకే రకమైన భాగాలను యంత్రాల మీద వేలకొద్దీ చేసి, చేతిపని తగ్గించడం ఆయన వ్యాపార సూత్రం. 1873లో వచ్చిన కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ బజారులో సుమారు 17 డాలర్లకు దొరికేది. 1857లో స్మిత్ అండ్ వెస్సన్ వారు లోహపు తూటా వేసుకునే మొదటి మోడలు తీశారు. 1899లో వారే తెచ్చిన మిలిటరీ అండ్ పోలీస్ రివాల్వరు (తర్వాత మోడల్ 10) అరవై లక్షలకు పైగా తయారైంది. సగం ప్రపంచం పోలీసులు దాన్నే మోశారు. అంటే పని జరగడానికి కావలసిన రివాల్వరు వందేళ్ళ కిందటే, సామాన్యమైన ధరకే, తయారైపోయిందన్నమాట!

ఖరీదైన రివాల్వరు అనే ఆలోచన 1935లో బయలుదేరింది. అమెరికా ఆర్థిక మాంద్యంలో కొట్టుకుంటున్న కాలంలో స్మిత్ అండ్ వెస్సన్ వారు పాయింట్ 357 మాగ్నమ్ అనే కొత్త తూటాతో, కొనేవాడి పేర రిజిస్టరు చేసి ధ్రువపత్రంతో సహా ఇచ్చే రివాల్వరును 60 డాలర్లకు పెట్టారు. జనం తిండికి వెతుక్కుంటున్న రోజుల్లో అది అమ్ముడుపోయింది! 1955లో కోల్ట్ వారి పైథాన్ 125 డాలర్లకు వచ్చింది. అద్దంలా మెరిసే నీలి పూత, చేత్తో రుద్ది కూర్చిన లోపలి భాగాలు. జర్మనీలో విలీ కోర్ట్ 1960లలో మొదలుపెట్టిన రివాల్వర్లు దాన్ని కూడా మించాయి. ఒక్కొక్కదానికి పదుల గంటల చేతిపని. ఇవాళ అమెరికా బజారులో కోర్ట్ పేరుతో వచ్చేవి నాలుగైదు వేల డాలర్ల మాట. గట్టిగా పనిచేసే రూగర్ రివాల్వరు వేయి డాలర్ల లోపే వస్తుంది. మధ్యనున్న మూడు నాలుగు వేల డాలర్లు దేనికి?

ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

సెలవుల్లో శిక్షణకని బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌కు వెళ్ళినప్పుడు అక్కడి పెద్ద ఫిట్టరు మేస్త్రి డై కూరుస్తూ చెప్పిన మాట నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ అంత సూటిగా కనిపించలేదు. “అయిదు తౌలో కూర్చమంటే పూటలో కూరుస్తా. రెండు తౌ అంటే రెండు రోజులు. ఒక్క తౌ అంటే నన్ను అడగొద్దు, ఎప్పుడవుతుందో అప్పుడే.” ఖర్చు గీత అలా లేస్తుంది. టాలరెన్సు సగానికి తగ్గిస్తే ఖర్చు రెట్టింపుతో ఆగదు; చివరి తౌ దగ్గర గీత నిట్టనిలువుగా నిలబడుతుంది. ఖరీదైన రివాల్వరు అంటే ఆ నిట్టనిలువు గీత మీద కూర్చున్న వస్తువు.

దానివల్ల ఏమొస్తుంది? మొదట ఖచ్చితత్వం. 25 గజాల దూరం నుంచి బల్లకు ఆన్చి కాలిస్తే మామూలు మంచి రివాల్వరు గుళ్ళు రెండు మూడు అంగుళాల వలయంలో పడతాయి. మేలైనది అంగుళంలో పడేస్తుంది. తేడా నిజమైనదే. కాని బల్ల తీసేసి చేత్తో పట్టుకోండి. చెయ్యి వణుకు ఆ రెండంగుళాలను క్షణంలో మింగేస్తుంది. ఆత్మరక్షణ కోసం పేల్చవలసి వస్తే దూరం పది అడుగులో పదిహేనడుగులో ఉంటుంది. అక్కడ ఈ అంగుళాల లెక్క ఎవరికి కావాలి?

తర్వాత ట్రిగ్గరు. హామరు ఎక్కుపెట్టకుండా నేరుగా నొక్కాలంటే మామూలు రివాల్వరుకు నాలుగున్నర, అయిదు కిలోల బలం కావాలి. మేలురకం వాటిలో బలం తగ్గుతుంది. అంతకంటె ముఖ్యంగా మధ్యలో ఎక్కడా పట్టేయకుండా గాజు మీద వేలు జరిపినట్టు వస్తుంది. నా మట్టుకు, పెట్టిన డబ్బుకు చేతికి తెలిసే లాభం ఇదొక్కటే అనిపిస్తుంది. అయితే మామూలు రివాల్వరుకు కూడా పనితెలిసిన గన్‌స్మిత్ చేత స్ప్రింగు మార్పించి, రాపిడి తీయిస్తే ఇందులో పెద్దభాగం దొరుకుతుందని అనుభవజ్ఞులు చెబుతారు.

మూడోది మన్నిక. ఇది తేలిగ్గా కొట్టేయవలసిన విషయం కాదు. ఫ్రాన్సు ఉదాహరణ చూడండి. మ్యూలూజ్ నగరంలోని మాన్యురిన్ సంస్థ పుట్టుకతో తుపాకుల కంపెనీ కాదు, యంత్రాలు చేసే కంపెనీ. మన బాలానగర్ బాపతే అనుకోండి. వారు 1973లో ఎం.ఆర్.73 అనే 357 మాగ్నమ్ రివాల్వరు తీశారు. దాదాపు ఆ రోజుల్లోనే ఏర్పడిన ఫ్రెంచి జి.ఐ.జి.ఎన్. కమాండో దళం దాన్ని ఎన్నుకుంది. వాళ్ళ శిక్షణ పద్ధతే వేరు. మనిషికి రోజూ పదులకొద్దీ, వందలకొద్దీ మాగ్నమ్ తూటాలు కాల్చడం. అంత కాలుస్తే మామూలు రివాల్వరులో సిలిండర్ ముందుకూ వెనక్కూ ఆడటం మొదలవుతుంది, గడియ గంట్లు అరిగిపోతాయి, టైమింగ్ తప్పుతుంది. ఎం.ఆర్.73 ఆ దెబ్బలన్నీ తట్టుకుంది. 1994 డిసెంబరు 26న మార్సెయ్ విమానాశ్రయంలో హైజాక్ అయిన ఎయిర్ ఫ్రాన్స్ విమానంలోకి ఆ దళం దూకినప్పుడు, ముందుగా తలుపులోంచి అడుగుపెట్టిన తియెరీ ప్రున్యో చేతిలో ఉన్నది ఈ రివాల్వరే. ఆ మనిషికి, ఆ రోజుకు, దాని ధర ఎంతైనా ఎక్కువ కాదు. ఇందులో నాకు సందేహం లేదు.

నాలుగోది అందం. పూత, చెక్క పిడి, చెక్కడం. దీనికి నేను వెల కట్టలేను. కంచిపట్టు చీర కొన్నవారిని నూలు చీర కూడా ఒళ్ళు కప్పుతుంది గదా అని అడగం కదా!

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. సందు మరీ బిగువైతే మసి చేరగానే, వేడెక్కగానే సిలిండర్ పట్టేస్తుంది. చేత్తో రుద్ది కూర్చిన పాత పైథాన్ సంగతి కూడా అంతే. గడియారంలా నడుస్తుంది, గడియారంలాగే రిపేరు అడుగుతుంది. దాని లోపలి పని తెలిసినవాడు దొరక్కపోతే టైమింగ్ తప్పిన పైథాన్ గూట్లో బొమ్మే. కోల్ట్ వారు దాన్ని ఆపేసి, 2020లో మళ్ళీ తెచ్చినప్పుడు చేతిపని తగ్గించి, భాగాల సంఖ్య తగ్గించి, సి.ఎన్.సి. యంత్రాల మీద స్టెయిన్‌లెస్ స్టీలుతో చేశారు. ధర 1,499 డాలర్లు పెట్టారు. పాతవాటిని పూజించేవాళ్ళు ముక్కు విరిచారు. ఫ్రేము పాతదానికంటె గట్టిగా చేశారని తక్కినవాళ్ళు మెచ్చుకున్నారు. మేస్త్రి రెండు రోజులు రుద్దే పనిని ఇవాళ యంత్రం గంటలో చేస్తోంది. బాలానగర్‌లోనూ ఇదే జరుగుతోంది. చేత్తో డై కూర్చేవాళ్ళు తగ్గిపోతున్నారు. కాబట్టి చేతిపని అనే మాటకు నలభై ఏళ్ళ కింద ఇచ్చిన ధర ఇవాళ కూడా ఇవ్వాలా అన్నది ఆలోచించవలసిన విషయం.

నిర్భీక్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. టైటానియం సాంద్రత ఉక్కులో సుమారు 58 శాతం. కాబట్టి తేలిక. కాని దాన్ని కోయడం నరకం; వేడిని లాగేయదు, టూలు మొన దగ్గరే నిలుపుకుంటుంది. మన కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపించిన మిధానిలో టైటానియం మిశ్రలోహాలు తయారవుతాయి. అక్కడికి ఇండస్ట్రియల్ టూరుకు వెళ్ళివచ్చిన వాళ్ళనడగండి, చెబుతారు. పైగా తుపాకి ఎంత తేలికైతే వెనక తన్ను అంత ఎక్కువ. అంటే నిర్భీక్ ధరలో కొంత భాగం లోహానికీ, దాన్ని కోసే కష్టానికీ పోయింది. గురికి పోయింది తక్కువ.

మన దేశం సంగతి వేరు

పైన చెప్పిందంతా వస్తువు స్వేచ్ఛగా దొరికే చోటి లెక్క. మన దగ్గర ఆ లెక్క తలకిందులవుతుంది. 1980ల మధ్య నుంచి సామాన్య పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడానికి వీల్లేదు. పేరున్న క్రీడాకారులకు మాత్రం మినహాయింపు. అంతకుముందు వచ్చిన వెబ్లీలు, స్మిత్ వెస్సన్లే చేతులు మారుతూ ఉంటాయి. కొత్తవి రావు, పాతవి పెరగవు. ధర ఏమవుతుందో కామర్సు మిత్రులను అడగనక్కరలేదు.

ఇంకో కట్టు కూడా ఉంది. 9 ఎం.ఎం., పాయింట్ 455 వంటివి నిషిద్ధ బోరు. సామాన్యుడికి లైసెన్సు రాదు. అతనికి దొరికేది చాలావరకు పాయింట్ 32. 1896 నాటి తూటా అది. ఆరున్నర గ్రాముల లోపు గుండు సెకనుకు 215 మీటర్ల వేగంతో పోతుంది. ½ ఎం.వి. స్క్వేర్ వేసుకోండి, 150 జౌళ్ళ దగ్గర తేలుతుంది. 357 మాగ్నమ్‌కు 700 పైమాటే. మాన్యురిన్ లాంటి గట్టి నిర్మాణం ఆ 700 జౌళ్ళను వేల సార్లు తట్టుకోవడం కోసం పుట్టింది. 150 జౌళ్ళకు అంత కోట అక్కర్లేదు.

కాన్పూరు వారి పాయింట్ 32 రివాల్వరు పాత వెబ్లీ మార్క్ 4 నమూనా మీద చేసిందే. మధ్యలో విరిచినట్టు తెరుచుకుంటుంది. ట్రిగ్గరు బరువనీ, పూత మొరటనీ దానిమీద ఫిర్యాదులున్నాయి. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డు ఏడు కంపెనీలుగా విడిపోయాక, 2023 ఆగస్టులో కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ వారు ‘ప్రబల్’ అనే రివాల్వరు తెచ్చారు. సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బరువు సుమారు 700 గ్రాములు. ఈలోగా వెబ్లీ అండ్ స్కాట్ వారే ఉత్తరప్రదేశ్ హర్దోయీ జిల్లా సండీలాలో ఒక భారతీయ సంస్థతో కలిసి పాయింట్ 32 తయారీ మొదలుపెట్టారు. అంటే వెబ్లీ పేరున్న కొత్త రివాల్వరు ఈ దేశంలోనే దొరుకుతుండగా, అదే పేరున్న పాతదానికి అనేక రెట్లు అడుగుతున్నారన్నమాట. ఆ పాతదాని ఉక్కు ఏ కాలంనాటిదో, ఎన్ని గుళ్ళు కాల్చిందో తెలియదు. స్ప్రింగు విరిగితే విడిభాగం రాదు.

కాబట్టి మా వీధి పెద్దాయనకు తర్వాత నేను చెప్పిన లెక్క ఇది. లైసెన్సు పుస్తకంలోనే ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో రాసి ఉంటుంది. మాటవరసకు యాభై అనుకుందాం. ఒక మంచి రివాల్వరు ఇరవై వేల గుళ్ళు తట్టుకుంటుందని పెట్టుకుందాం. ఇరవై వేలను యాభైతో భాగిస్తే నాలుగు వందల ఏళ్ళు. మన్నిక కోసం నాలుగింతలు పెడితే, ఆ మన్నిక అనుభవించడానికి కులీ కుతుబ్ షా కాలంలో మొదలుపెట్టి ఉండాలి! ఆయన నవ్వారు. “మరి అందరెందుకు కొంటున్నరు?” అన్నారు. “మళ్ళీ అమ్మితే ఇంకా ఎక్కువ వస్తదని,” అన్నాను. “అయితే అది ప్లాటే గదా!” అన్నారాయన. అంతకంటె బాగా నేను చెప్పలేను. కాకపోతే ప్లాటు రిజిస్టరు చేసుకుంటే ఎవరికైనా అమ్మవచ్చు; రివాల్వరు కొనేవాడికి లైసెన్సు ఉండాలి, అధికారుల అనుమతి ఉండాలి. దిగుమతి విధానం రేపు మారిందంటే ఆ ధర నిలిచే ఆధారం లేదు.

బీరువాలో పెట్టుకున్నాక

బిల్లు మీద కనిపించని ఖర్చులు ఉన్నాయి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలంటే భద్రంగా వాడటంలో శిక్షణ పొందాలి. ఇంట్లో భద్రపరిచే ఏర్పాటు ఉండాలి. 2019లో చట్టం సవరించి, ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించారు. లైసెన్సు గడువును మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెంచారు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సంబరంగా పేలిస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సుదారులు తుపాకులు పోలీసు స్టేషనులో అప్పగించడం మామూలు. శాసనసభ, లోక్‌సభ, మున్సిపాలిటీ, ఉప ఎన్నిక... మన జంటనగరాల్లో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. లక్షలు పోసిన వస్తువు అన్నాళ్ళూ స్టేషను గదిలో చీటీ కట్టుకుని పడి ఉంటుంది.

ఇదంతా డబ్బు లెక్క. డబ్బు కానిది ఇంకొకటుంది. మొదట్లో అందరికీ పనికొచ్చే ముక్క అన్నది ఇదే. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో రెండు కోట్ల అరవై లక్షల మంది వయోజనులను పన్నెండేళ్ళపాటు లెక్కలోకి తీసుకుని చేసిన అధ్యయనం 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. చేతితుపాకి సొంతంగా ఉన్న మగవాళ్ళు తుపాకితో ఆత్మహత్య చేసుకునే ప్రమాదం, లేనివాళ్ళకంటె సుమారు ఎనిమిది రెట్లు. ఆడవాళ్ళలో సుమారు ముప్పయ్యయిదు రెట్లు. తుపాకి కొన్నవాళ్ళు తక్కిన పద్ధతుల్లో చనిపోవడం మాత్రం అలా పెరగలేదు. ఒక చెడ్డ రాత్రి గడిచిపోతే బతికి ఉండేవాళ్ళు, చేతికందే దూరంలో అది ఉండటంవల్ల పోయారన్నమాట. నిర్భీక్‌ను ఆడవాళ్ళ రక్షణ అని అమ్మినవారు ఈ ముప్పయ్యయిదును కూడా ధరల పట్టీలో రాయవలసింది. కోర్ట్ అయినా కాన్పూరుదైనా ఇందులో తేడా లేదు. టైమింగ్ బాగున్న రివాల్వరు ఇక్కడ ఇంకా ప్రమాదం.

కాబట్టి ఆత్మరక్షణ కోసమని, హోదా కోసమని మన దేశంలో ఎవరైనా ఖరీదైన రివాల్వరు కొంటే ఆ ధరకు తగిన ప్రతిఫలం లేదనే నా అభిప్రాయం. తాతగారి వెబ్లీ వారసత్వంగా వచ్చిందంటే అది వేరు సంగతి. లైసెన్సు బదిలీ చేయించుకుని, ఫైరింగు పిన్ను తీయించి డీయాక్టివేట్ చేయించే అవకాశం ఉందేమో అధికారులను కనుక్కుని, జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు. జ్ఞాపకానికి రేటు ఎవరూ అడగరు.

గచ్చిబౌలి లెక్క

గురి మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళకు మన ఊళ్ళోనే దారి ఉంది. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర ప్రభుత్వ షూటింగు రేంజి ఉంది. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాదులోనే. మన నగరం పిల్ల ఈషా సింగ్ 2018లో పదమూడేళ్ళ వయసుకే జాతీయ సీనియర్ ఛాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో జట్టుకు స్వర్ణం, తనకు రజతం తెచ్చింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. వాళ్ళు వాడేవి రివాల్వర్లు కావు. పోటీల్లో రివాల్వరు కాలం దాదాపు చెల్లిపోయింది. వాళ్ళ పిస్టల్స్ కూడా ఖరీదైనవే. కాని ఆ ఖరీదు రోజూ వందల గుళ్ళలో వసూలవుతుంది. జి.ఐ.జి.ఎన్. వాళ్ళ లెక్కే ఇది కూడా.

మొదలుపెట్టేవాళ్ళకు లైసెన్సు కూడా అక్కర్లేదు. పాయింట్ 177 బోరు, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కు 2016 నిబంధనల్లో మినహాయింపు ఉంది. పది మీటర్ల దూరం, పదకొండున్నర మిల్లీమీటర్ల నడిబొట్టు. నేను చెప్పిన టాలరెన్సులు, ట్రిగ్గరు నునుపు ఇక్కడ పాయింటు పాయింటుకూ కనిపిస్తాయి. పోటీకి ముందు ప్రతి పిస్టల్‌నూ తనిఖీ బల్ల దగ్గరికి తీసుకుపోవాలి. అర కిలో తూకాన్ని ట్రిగ్గరుకు తగిలించి పైకెత్తుతారు. తూకం నేల విడిచి లేచేదాకా ట్రిగ్గరు పడకూడదు. పడితే ఆ పిస్టల్‌ను, అది ఏ దేశంలో ఎంతకు కొన్నదైనా సరే, సరిచేసుకు రమ్మని వెనక్కి పంపేస్తారు.